అప్‌డేట్ తర్వాత తెర చెడితే...



కంప్యూటర్ మీద వ్యాసం అనగానే కంప్యూటర్ తరాలు, ఇన్‌పుట్ సాధనాలు, అవుట్‌పుట్ సాధనాలు అంటూ మొదలుపెట్టడం మన సంచికల్లో ఆనవాయితీ. అవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కనుక మేము వాటి జోలికి పోవడం లేదు. హాస్టల్ కంప్యూటర్ గదిలోనూ, పై చదువులకు వెళ్ళినవారి ల్యాప్‌టాప్‌లలోనూ తరచూ ఎదురయ్యే ఒకే ఒక్క ఇబ్బందిని తీసుకుని, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పాలనుకున్నాం.

ఆ ఇబ్బంది ఇది. సాయంత్రం కంప్యూటర్ ఆపేటప్పుడు విండోస్ ఏదో అప్‌డేట్ వేసుకుంటుంది. మర్నాడు స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. ఒక్కోసారి తెర వస్తుంది కానీ అక్షరాలు గుమ్మడికాయలంత కనిపిస్తాయి. ఒక్కోసారి తెర అదురుతూ ఉంటుంది, లేదా నీలిరంగు తెర వచ్చి కంప్యూటర్ దానంతట అదే మళ్ళీ మొదలవుతుంది. షాపుకు తీసుకెళితే మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టాలి". రెండో మాట "కార్డు పోయింది".

ఈ రెండు మాటలకూ తల ఊపే ముందు మనం చేయగలిగిన పరీక్షలున్నాయి. వాటిలో చాలావాటికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. అప్‌డేట్ జరిగిన మర్నాడే తెర చెడితే మొదట అనుమానించవలసింది కార్డును కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను.

ఫార్మాట్ చేస్తే డ్రైవర్ సమస్య పోతుందన్నది నిజమే. ఎలుకల కోసం ఇంటికి నిప్పు పెట్టినా ఎలుకలు పోతాయి. ఒక కంప్యూటర్‌ను ఇరవై ముప్పై మంది వాడుకునే చోట సి డ్రైవ్‌లో ఏముంటాయో ఆలోచించండి. ఒకరి ఆదాయ ధృవీకరణ పత్రం స్కాన్ కాపీ, ఒకరి ఉపకార వేతనం దరఖాస్తు, ఇంకొకరు నెలరోజులు కూర్చుని టైపు చేసిన ప్రాజెక్టు రిపోర్టు. మనలో చాలామందికి ఫైలును డెస్క్‌టాప్ మీదే దాచే అలవాటు. డెస్క్‌టాప్ అంటే కళ్ళెదుట ఉంది కనుక భద్రం అనుకుంటాం. అది సి డ్రైవ్‌లోనిదే, ఫార్మాట్‌లో మొట్టమొదట పోయేది అదే. అను ఫాంట్లు, పేజీమేకర్ వంటివి వేసి ఉంటే అవీ పోతాయి. మళ్ళీ వేయించడానికి సీడీ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ గుర్తుండదు.

డ్రైవర్ చేసే పని

విండోస్ తయారుచేసేది మైక్రోసాఫ్ట్. తెర మీద బొమ్మను గీసే చిప్‌ను తయారుచేసేవి వేరే కంపెనీలు. మన దగ్గరి కంప్యూటర్లలో కనిపించేవి ప్రధానంగా మూడు: ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ. ఒక్కో కంపెనీ చిప్‌కు ఒక్కో భాష. అదే కంపెనీలో పాత చిప్‌కూ కొత్త చిప్‌కూ మధ్య కూడా తేడాలుంటాయి. ఇన్ని భాషలు విండోస్ నేర్చుకోలేదు. అందుకే చిప్ తయారుచేసిన కంపెనీ తనే ఒక ద్విభాషిని తయారుచేసి ఇస్తుంది. విండోస్ "ఇక్కడ ఒక కిటికీ గీయి, దానిలో ఈ అక్షరం పెట్టు" అంటే, ఆ ద్విభాషి దాన్ని చిప్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చి చెబుతుంది. ఆ ద్విభాషే డ్రైవర్.

కలెక్టరు గారికి తెలుగు రాదు, ఊరివాళ్ళకు తెలుగు తప్ప రాదు అనుకోండి. మధ్యలో మాట అందించే గుమాస్తా సెలవు పెడితే సభ ఆగిపోతుంది. కలెక్టరు గారి తప్పూ లేదు, ఊరివాళ్ళ తప్పూ లేదు. తెర నల్లబడినప్పుడు కూడా చాలాసార్లు విండోస్ బాగానే ఉంటుంది, చిప్పూ బాగానే ఉంటుంది.

అప్‌డేట్ ఈ ద్విభాషిని ఎలా చెడగొడుతుంది? మేము గమనించినంతలో మూడు విధాలు. మొదటిది, విండోస్ కొత్తదై, డ్రైవర్ పాతదిగా మిగిలిపోవడం. రెండోది, విండోస్ అప్‌డేట్ తనంతట తానే కొత్త డ్రైవర్‌ను తెచ్చి వేయడం. ల్యాప్‌టాప్ కంపెనీలు ఒక్కో మోడల్‌కు తగినట్లు డ్రైవర్‌లో మార్పులు చేసుకుంటాయి. అప్‌డేట్ తెచ్చిన సాధారణ డ్రైవర్ ఆ మోడల్‌కు సరిపడకపోవచ్చు. మూడోది మన ఊళ్ళకు బాగా తెలిసినది. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, డ్రైవర్ సగం రాసి ఆగిపోతుంది.

ఒక చిన్న డ్రైవర్ తప్పుకు కంప్యూటర్ మొత్తం ఎందుకు కూలబడుతుంది అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మనం వాడే వర్డ్, బ్రౌజర్ వంటివి విండోస్ ముంగిట్లో పనిచేస్తాయి. వాటిలో ఒకటి పడిపోతే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్లలో ముఖ్యమైన భాగం కెర్నెల్ అనే లోపలి గదిలో పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే యంత్రం మొత్తాన్ని ఆపేయడం తప్ప విండోస్‌కు మరో దారి లేదు. 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌ను దాని డ్రైవర్ చదవబోయి తడబడింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. అది గ్రాఫిక్స్ డ్రైవర్ కాదు. కానీ దాన్ని బాగుచేసిన పద్ధతి ఈ పాఠంలో చెప్పబోయేదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్ళడం, తప్పు ఫైలును తీసేయడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఎవరూ 85 లక్షల యంత్రాలను ఫార్మాట్ చేయలేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్లకు కూడా ఇలాంటి చరిత్ర ఉంది. 2018లో విండోస్ 10 అక్టోబర్ అప్‌డేట్ సమయంలో ఇంటెల్ పొరబాటున విడుదల చేసిన డిస్‌ప్లే డ్రైవర్ వల్ల కొన్ని యంత్రాల్లో హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా వెళ్ళే శబ్దం ఆగిపోయింది. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 అనే డ్రైవర్‌ను విడుదల చేసిన కొద్ది రోజులకే వెనక్కు తీసుకుంది. ఆ డ్రైవర్ వల్ల కొన్ని కార్డుల ఫ్యాను సరిగా తిరగక కార్డు వేడెక్కిపోయేది. డ్రైవర్ తప్పు చిప్‌కే చేటు తెచ్చే సందర్భం చాలా అరుదు కానీ అసలు లేకపోలేదు. కొత్త డ్రైవర్ పడ్డాక కార్డు ఫ్యాను తిరగకుండా డబ్బా కాలిపోతుంటే పరీక్షలు చేస్తూ కూర్చోకండి, ముందు ఆపేయండి.

మొదటి పరీక్ష: కంపెనీ గుర్తు కనిపిస్తోందా?

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

స్విచ్ వేసిన మొదటి కొన్ని క్షణాల్లో ల్యాప్‌టాప్ కంపెనీ పేరో, మదర్‌బోర్డు గుర్తో తెర మీద వెలుగుతుంది. ఆ సమయానికి విండోస్ ఇంకా నిద్ర లేవలేదు. ఆ బొమ్మను చూపించేది మదర్‌బోర్డులోనే ఉండే బయోస్. దానికి విండోస్ డ్రైవర్‌తో పని లేదు. కనుక ఆ గుర్తు శుభ్రంగా కనిపించి, విండోస్ వస్తున్నప్పుడు తెర చెడిందంటే మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది, చిప్ కూడా చాలావరకు బాగున్నట్లే. తప్పు డ్రైవర్ వైపు ఉంది.

ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే స్విచ్ వేసిన వెంటనే ఎఫ్2 గాని డిలీట్ గాని వరుసగా నొక్కి బయోస్ పేజీలోకి వెళ్ళండి. ఏ మీట అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ ఏమీ మార్చకుండా పది నిమిషాలు వదిలేయండి. అక్షరాలు కదలకుండా నిలబడితే సంతోషించండి. అక్కడ కూడా గీతలు, రంగు మచ్చలు, అదురు కనిపిస్తే అది డ్రైవర్ రోగం కాదు. కేబుల్ మార్చి చూడాలి, వేరే మానిటర్ పెట్టి చూడాలి, ఆ తర్వాతే షాపు. అసలు గుర్తే రాకపోతే ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టడం మన దగ్గర అందరూ చేసేదే. అది వేరే పాఠం.

డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకొక సులువైన పరీక్ష ఉంది. డబ్బా వెనక మానిటర్ కేబుల్ పెట్టే చోట్లు రెండు ఉంటాయి. ఒకటి కార్డుది, ఒకటి మదర్‌బోర్డుది. కేబుల్‌ను కార్డు నుంచి తీసి మదర్‌బోర్డుకు పెడితే, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో తెర రావచ్చు. అలా వస్తే అక్కడి నుంచే కార్డు డ్రైవర్‌ను సరిచేసుకోవచ్చు. అయితే పేరు చివర ఎఫ్ అని ఉండే ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. వాటితో ఈ పద్ధతి పనికిరాదు.

నీలి తెర వస్తే దాని మీద ఏం రాసి ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి. "వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్" అని ఉంటే గ్రాఫిక్స్ వ్యవహారమే. టీడీఆర్ అన్నది 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచీ ఉన్న ఏర్పాటు. విండోస్ చిప్‌కు ఒక పని చెప్పి మామూలుగా 2 సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే డ్రైవర్‌ను మళ్ళీ లేపుతుంది. అప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంది. లేపినా లేవకపోతే నీలి తెర వేస్తుంది. దాని కింద ఒక ఫైలు పేరు కూడా కనిపించవచ్చు. ఆ పేరు ఎన్-వి అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా, ఐ-జి తో మొదలైతే ఇంటెల్, ఎ-టి-ఐ తో మొదలైతే ఏఎండీ. ఏటీఐ అనే కంపెనీని ఏఎండీ 2006లో కొనేసింది, పాత పేరు ఫైళ్ళలో మాత్రం మిగిలిపోయింది.

తెర అదురుతూ ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. టాస్క్ మేనేజర్ కూడా మిగతా తెరతో పాటు అదిరితే డ్రైవర్ తప్పు. అదొక్కటి నిలకడగా ఉండి మిగిలినవి అదిరితే, మనం వేసుకున్న ఏదో ప్రోగ్రాం తప్పు. ఇది మైక్రోసాఫ్ట్ వారే చెప్పే పరీక్ష, క్షణంలో తేలిపోతుంది.

లోపలికి వెళ్ళే దారి

తెర పూర్తిగా నల్లగా ఉంటే ముందుగా విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. విండోస్ 10, 11 లలో ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఒక్కసారి తట్టి లేపే ఆజ్ఞ. చిన్న శబ్దం వచ్చి తెర మెరిసిందంటే లోపల విండోస్ బతికే ఉంది. ఒక్కోసారి దీనితోనే తెర తిరిగి వస్తుంది. అయినా ఊరుకోకండి, చెడిన డ్రైవర్ రేపు మళ్ళీ ఇదే పని చేస్తుంది.

రాకపోతే సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో విండోస్ కంపెనీ డ్రైవర్‌ను పక్కన పెట్టి, తన దగ్గరే ఉన్న ఒక ప్రాథమిక డ్రైవర్‌తో తెర చూపిస్తుంది. దానికి వేగం లేదు, అందం లేదు, ఆటలు ఆడదు. దాదాపు ఏ చిప్‌తోనైనా మాట్లాడగలదు. మనకు కావలసింది అంతే.

పాత విండోస్ 7 లో స్విచ్ వేయగానే ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ వచ్చేది. 10, 11 లలో మామూలుగా అది పనిచేయదు. లాగిన్ తెర కనబడుతుంటే షిఫ్ట్ మీటను పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ఏమీ కనబడకపోతే, విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్‌ను పది సెకన్లు అదిమి ఆపేయండి. అలా రెండుసార్లు ఆపితే మూడోసారి విండోస్ తనకేదో జబ్బు చేసిందని గ్రహించి మరమ్మతు పేజీని తెరుస్తుంది. బలవంతంగా ఆపడం మంచి అలవాటు కాదు కానీ ఇక్కడ అదే తలుపు. అప్‌డేట్ ఇంకా జరుగుతుంటే మాత్రం ఈ పని చేయకండి. హార్డ్‌డిస్క్ లైటు ఆడుతూ ఉంటే ఒక గంట ఆగినా నష్టం లేదు.

మరమ్మతు పేజీలో ట్రబుల్‌షూట్, దానిలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దానిలో స్టార్టప్ సెట్టింగ్స్, తర్వాత రీస్టార్ట్. అంకెల వరుస ఒకటి వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్. 3 నొక్కితే మామూలు విండోసే, తక్కువ రిజొల్యూషన్‌తో వస్తుంది.

ఇక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లవారు ఒక చోట ఆగిపోతారు. బిట్‌లాకర్ తాళం అడిగే నీలి పేజీ వస్తుంది, 48 అంకెల సంఖ్య ఇవ్వమంటుంది. ఇటీవలి విండోస్ 11 యంత్రాల్లో డిస్క్‌కు ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉండవచ్చు. కంగారు పడనక్కర్లేదు. ల్యాప్‌టాప్ మొదట తెరిచినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతా ఇచ్చారో, ఫోనులో ఆ ఖాతాలోకి వెళితే సాధారణంగా ఆ సంఖ్య దొరుకుతుంది. షాపువాడి ఈమెయిల్‌తో ఖాతా తెరిపించుకున్నవారికి మాత్రం కష్టమే. అలాంటివారు తెర బాగున్నప్పుడే, అంటే ఈ రోజే, తమ పేరున ఖాతా మార్చుకోవాలి.

డ్రైవర్‌ను వెనక్కి తిప్పడం

సేఫ్ మోడ్‌లోకి వచ్చాక విండోస్ మీటనూ ఎక్స్ నూ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న వరుసను విప్పితే మన చిప్ పేరు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో రెండు పేర్లు ఉండవచ్చు, ప్రాసెసర్‌లోది ఒకటి, విడిగా ఉన్నది ఒకటి. పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, దానిలో డ్రైవర్ అన్న పేజీ. ఇక్కడ తేదీ, వెర్షన్ సంఖ్య ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. చెడ్డ డ్రైవర్ సంఖ్య తెలిస్తేనే, రేపు అది మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టగలం.

అదే పేజీలో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే బటన్ ఉంటుంది. విండోస్ పాత డ్రైవర్‌ను దాచి ఉంచితే ఈ బటన్ వెలుగుతూ ఉంటుంది. దాన్ని నొక్కి, కారణం ఏదో ఒకటి ఎంచుకుని, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టండి. చాలా కేసులు ఇక్కడితో సరి. డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఒక చెల్లెలి ల్యాప్‌టాప్ ఇలాగే వచ్చింది. మదర్‌బోర్డు పోయిందని ఒక షాపులో చెప్పి పంపించారు. ఇంట్లో అప్పు తెచ్చి కొన్న యంత్రం, ప్రాజెక్టు సమర్పించడానికి మూడు రోజులుంది. కంపెనీ గుర్తు శుభ్రంగా కనిపిస్తోందని చూడగానే మాకు ధైర్యం వచ్చింది. సేఫ్ మోడ్, రోల్ బ్యాక్, రీస్టార్ట్. టీ చల్లారేలోగా తెర వచ్చింది. ప్రాజెక్టు ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంది.

బటన్ వెలగకుండా మసకగా ఉంటే దాచిన పాత డ్రైవర్ లేదని అర్థం. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ డివైస్ ఎంచుకోవాలి. వచ్చే చిన్న పెట్టెలో డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసేయమంటావా అని ఒక గడి ఉంటుంది. దానిలో టిక్ పెట్టండి. పెట్టకపోతే చెడిన డ్రైవర్ డిస్క్‌లోనే ఉండి, రీస్టార్ట్ కాగానే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. రీస్టార్ట్ చేసే ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ అదే డ్రైవర్‌ను పరుగున తెచ్చి వేసేస్తుంది.

ఇప్పుడు మామూలుగా మొదలైతే డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తుంది. అక్షరాలు పెద్దగా ఉన్నా భయం లేదు. డ్రైవర్ తేదీ చూస్తే 2006 జూన్ 21 అని ఉంటుంది. ఇంత పాతదా అని ఆశ్చర్యపోకండి. విండోస్‌తో వచ్చే సొంత డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. కంపెనీ డ్రైవర్ తేదీ ఎప్పుడూ దానికన్నా కొత్తదిగా ఉంటుంది కనుక, కంపెనీది దొరికితే దానికే పెద్దపీట దక్కుతుంది.

ఇక సరైన డ్రైవర్ ఏదో తెలుసుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే అడుగున అంటించిన కాగితం మీద మోడల్ సంఖ్య ఉంటుంది. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీకి వెళ్ళి ఆ సంఖ్య ఇస్తే దానికి సంబంధించిన డ్రైవర్లే చూపిస్తారు. కొత్తదే కావాలని పట్టుబట్టకండి, ఆ మోడల్‌కు వారు పెట్టినదే తీసుకోండి. అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ అయితే డివైస్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళ్ళి హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. పొడవైన గజిబిజి అక్షరాల మధ్య వి-ఇ-ఎన్ అన్న అక్షరాల పక్కన ఒక సంఖ్య ఉంటుంది. 8086 ఉంటే ఇంటెల్. ఆ సంఖ్య 1978లో ఇంటెల్ తెచ్చిన ప్రఖ్యాత ప్రాసెసర్ పేరు, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ తమ్ముళ్ళు సిలబస్‌లో చదివే ఉంటారు. 10 తర్వాత డి-ఇ ఉంటే ఎన్‌విడియా. 1002 ఉంటే ఏఎండీ. ఆ కంపెనీ వెబ్‌సైట్‌కే వెళ్ళాలి. గూగుల్‌లో వెతికితే "ఉచితంగా అన్ని డ్రైవర్లూ" అంటూ పైన కనిపించే ప్రకటనలను నొక్కవద్దు. వాటితో వచ్చే చెత్తను తీయడం డ్రైవర్ వేయడం కన్నా పెద్ద పని.

ఫైలు కొన్ని వందల ఎంబీలు ఉండవచ్చు. చెడిన కంప్యూటర్‌లోనే దించాలని లేదు. ఫోనులో దించి యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించవచ్చు, స్నేహితుడి యంత్రంలో దించి పెన్‌డ్రైవ్‌లో తేవచ్చు. కొన్ని డ్రైవర్ ప్యాకేజీలు సేఫ్ మోడ్‌లో ఎక్కవు కనుక, మామూలు విండోస్‌లో, ఆ ప్రాథమిక డ్రైవర్ మీద ఉండగానే వేయండి. వేసేటప్పుడు తెర రెండు మూడుసార్లు నల్లబడి వస్తుంది. ఆ సమయంలో స్విచ్ ఆపవద్దు. ఛార్జర్ పెట్టి ఉంచండి.

డ్రైవర్ మార్చినా లాభం లేకపోతే

అప్పుడు అప్‌డేట్‌నే వెనక్కు పంపాలి. సేఫ్ మోడ్ కూడా రానివారు మరమ్మతు పేజీలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఎంచుకోవచ్చు. అక్కడ రెండు రకాలు అడుగుతుంది. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చేది. ఫీచర్ అప్‌డేట్ అంటే విండోస్ కూర్పు మొత్తం మారేది. ఫీచర్ అప్‌డేట్‌ను మామూలుగా 10 రోజుల్లోపే వెనక్కి తిప్పగలం. ఆ గడువు దాటితే విండోస్ పాత ఫైళ్ళను తుడిచేస్తుంది. కనుక సెలవుల్లో చెడిందని యంత్రాన్ని మూలన పెట్టి నెల తర్వాత చూడకండి.

అక్కడే సిస్టమ్ రిస్టోర్ కూడా ఉంది. రిస్టోర్ పాయింట్ దొరికితే డ్రైవర్లను, సెట్టింగులను ఆ నాటి స్థితికి తీసుకెళుతుంది. మన డాక్యుమెంట్ల జోలికి పోదు. ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. చాలా యంత్రాల్లో ఈ సదుపాయం ఆపేసి ఉంటుంది. బాగున్న రోజున సిస్టమ్ ప్రొటెక్షన్ తెరిచి సి డ్రైవ్‌కు దాన్ని ఆన్ చేసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 అని చూపిస్తుంటే, సరైన డ్రైవర్ రెండుసార్లు వేసినా పోకపోతే, అప్పుడు చిప్‌నే అనుమానించాలి. షాపువాళ్ళ మాట నిజమయ్యే సందర్భాలూ ఉంటాయి. ఇప్పుడు షాపుకు వెళ్ళి "తెర రావడం లేదన్నా" అనకుండా, "బయోస్ బాగుంది, బేసిక్ డ్రైవర్‌తో తెర వస్తోంది, కంపెనీ డ్రైవర్ వేస్తే కోడ్ 43 వస్తోంది, డేటా పోకూడదు" అని చెప్పండి. మాట మారుతుంది, ధర కూడా మారుతుందని మా అనుభవం.

చివరి మార్గంగా రీసెట్ దిస్ పీసీ ఉంది. దానిలో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే ఫైళ్ళు ఉంటాయి, ప్రోగ్రాములు పోతాయి. అయినా నమ్ముకుని కూర్చోకుండా ముందు సేఫ్ మోడ్‌లో ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఉబుంటు వాడేవారికి రెండు మాటలు. అక్కడ కెర్నెల్ మారినప్పుడల్లా ఎన్‌విడియా డ్రైవర్ ఆ కెర్నెల్‌కు సరిపడేలా మళ్ళీ తయారుకావాలి. అది విఫలమైతే తెర రాదు. ఉబుంటు పాత కెర్నెల్‌ను కూడా ఉంచుతుంది కనుక, మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ లేదా షిఫ్ట్ నొక్కి గ్రబ్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో వెనకటి కెర్నెల్‌ను ఎంచుకోండి. తెర వచ్చాక అడిషనల్ డ్రైవర్స్‌లో డ్రైవర్ మార్చుకోవచ్చు. ఈ విషయంలో విండోస్ కన్నా అదే నయం అని మాలో కొందరి వాదన. ఆ తగువు ఇక్కడ వద్దు.

బాగయ్యాక

తెర రాగానే నెట్ పెట్టే తొందరలో చెడ్డ డ్రైవర్ మళ్ళీ దిగుతుంది. నెట్ కలపగానే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్ళి పాజ్ నొక్కండి. సాధారణంగా 5 వారాల వరకు ఆపవచ్చు. ఆలోగా కంపెనీ సరిచేసిన డ్రైవర్ తెచ్చే అవకాశం ఎక్కువ. అప్‌డేట్లను శాశ్వతంగా చంపేసే చిట్కాలు కొందరు చెబుతారు. మేము ఒప్పుకోం. అందరి పెన్‌డ్రైవ్‌లూ తిరిగే హాస్టల్ యంత్రానికి భద్రతా అప్‌డేట్లు మిగతావారికన్నా ఎక్కువ అవసరం. విండోస్ 10 కు సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్న సంగతి కూడా ఆ యంత్రాలున్నవారు గుర్తుంచుకోవాలి.

పనిచేసిన డ్రైవర్ ఫైలును డి డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచండి. ఒక కాగితం మీద యంత్రం మోడల్, చిప్ పేరు, బాగున్న డ్రైవర్ వెర్షన్, చెడగొట్టిన డ్రైవర్ వెర్షన్, తేదీ రాసి సిపియు డబ్బా పక్కన అంటించండి. మనం పాసై వెళ్ళిపోయాక వచ్చే పిల్లలకు ఏ డ్రైవర్ వేయాలో ఆ కాగితమే చెబుతుంది. బిట్‌లాకర్ సంఖ్య మాత్రం ఆ కాగితం మీద రాయకండి. దాన్ని వార్డెన్ గారి రిజిస్టరులో రాయించండి.